మూడో మెషీన్ కథ

రెండు సర్వర్లు పెట్టేస్తే ఇక నిశ్చింత అనుకున్న రోజులు నాకూ ఉన్నాయి. చిన్న షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాది, బడ్జెట్ అంతంతమాత్రం. రెండు మెషీన్లు, రెండింట్లో వెబ్ సర్వర్, ఒకదాంట్లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ప్రైమరీ (రాతలన్నీ తీసుకునేది), ఇంకోదాంట్లో రెప్లికా (దాని నకలు), ప్రైమరీ పలక్కపోతే రెప్లికాని ప్రమోట్ చేసే, అంటే దాన్నే ప్రైమరీగా మార్చే, షెల్ స్క్రిప్ట్ ఒకటి. నేనే రాశా, కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఒక శనివారం సాయంత్రం ఆ రెండింటి మధ్య నెట్‌వర్క్ తెగింది. ప్రైమరీ నిక్షేపంగా ఉంది, కానీ రెప్లికా వైపు నుంచి చూస్తే పోయినట్టే కదా, స్క్రిప్ట్ ప్రమోట్ చేసి పక్కనున్న వెబ్ సర్వర్‌ని కూడా ఇటు తిప్పేసింది. ఒకే షాపులో రెండు కౌంటర్లు, 4182 నంబరుతోనే రెండు బిల్లులు, ఒకదాంట్లో కందిపప్పు, ఇంకోదాంట్లో సబ్బులు. రాత్రంతా కూర్చుని రెండు డేటాబేసుల్నీ చేత్తో కలిపాను. ఇలా రెండూ నేనే ప్రైమరీ అనుకోవడాన్ని స్ప్లిట్ బ్రెయిన్ అంటారు, దాని గురించి అంతకుముందే చదివా, మనదాకా ఎందుకొస్తుందిలే అనుకున్నా.

ఇద్దరే ఉన్నచోట ఒకరికొకరు కనబడకపోతే ఎవరు పోయారో తేల్చేవాడు ఉండడు. అందుకే మూడో మెషీన్ తీసుకున్నా, దొరికిన వాటిలో బాగా చవకది, వేరే డేటాసెంటర్లో. అందులో డేటాబేస్ లేదు, వెబ్ లేదు, ఎట్‌సీడీ ఒక్కటే (మెషీన్లు మెజారిటీ ఓటుతో ఒక మాట మీదకి రావడానికి వాడే చిన్న డేటా స్టోర్), దాని పని ఓటెయ్యడం. డిస్క్ మాత్రం మరీ నాసిరకం తీసుకోకండి, ఎట్‌సీడీ ప్రతి రాతా డిస్క్‌కి చేరేదాకా ఆగుతుంది, అక్కడ నత్తనడక అయితే ఊరికే లీడర్ కోసం ఎలక్షన్లు జరుగుతుంటాయి.

స్క్రిప్ట్ తీసేసి, పోస్ట్‌గ్రెస్‌లో ప్రైమరీ ఎవరో చూసుకునే పట్రోనీ అనే టూల్ పెట్టా. దీంట్లో నాకు నచ్చింది కొత్త ప్రైమరీని లేపడం కాదు, పాతది తనంతట తాను దిగిపోవడం: ఎట్‌సీడీలో లీడర్ (అంటే ప్రైమరీ) తాళానికి డిఫాల్ట్ గడువు 30 సెకన్లు, దాన్ని పొడిగించుకోలేకపోతే రాతలు ఆపేసి పక్కకి తప్పుకుంటుంది. కనెక్షన్లకి దారి చూపించే హెచ్ఏప్రాక్సీ, పట్రోనీని 8008 పోర్ట్‌లో అడిగి, లీడర్‌నని జవాబిచ్చినదానికే కనెక్షన్లు పంపుతుంది. వెబ్ వైపు కీప్‌అలైవ్‌డీ అనే టూల్‌తో వర్చువల్ ఐపీ (ఒక మెషీన్ పోతే ఇంకోదానికి మారే అడ్రస్) చాలు, కాకపోతే చాలా క్లౌడ్‌లలో అది నడవదు, వాళ్ల ఫ్లోటింగ్ ఐపీనే స్క్రిప్ట్‌తో మార్చుకోవాలి.

ఓట్లతో అన్నీ తీరవు లెండి. 2018 అక్టోబర్ 21న గిట్‌హబ్‌లో నెట్‌వర్క్ తెగింది 43 సెకన్లే, పూర్తిగా కోలుకోవడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. ఓటింగ్ వాళ్లకీ ఉంది, అమెరికా పడమటి తీరంలో కొత్త ప్రైమరీలు లేచాయి కూడా, కానీ తూర్పున అప్పుడే రాసినవి కొన్ని అక్కడికి చేరనేలేదు. రెప్లికేషన్ ఎసింక్ అయితే, అంటే రాత రెప్లికాకి చేరేదాకా ప్రైమరీ ఆగకపోతే, ఆ రిస్క్ మనకీ అంతే. నేను బిల్లుల డేటాబేస్‌కి మాత్రం సింక్ పెట్టా, కాస్త నెమ్మదైనా సరే అని.

ఇప్పుడు నెలకోసారి, షాపులు తెరవకముందే, ప్రైమరీ మెషీన్‌ని కావాలనే ఆపేస్తుంటా. మొదటిసారి రెప్లికా ఠంచనుగా లేచింది, వెబ్ మాత్రం బిగుసుకుపోయింది: చచ్చిన మెషీన్ కనెక్షన్లనే హెచ్ఏప్రాక్సీ పట్టుకుని వేలాడుతోంది. 'ఆన్-మార్క్‌డ్-డౌన్ షట్‌డౌన్-సెషన్స్' అని ఒక్క ముక్క చేర్చాక వదిలింది.