కోరింగలో అడవి బాతుల కోసం ఒక ఉదయం

అమెరికాలో ఉంటున్న మా బావగారు సంక్రాంతికి అమలాపురం వచ్చినప్పుడు, అక్కడిలాగే గైడును వెంటబెట్టుకొని అడవి బాతుల వేటకు వెళ్ళే వీలు ఇక్కడ ఉందా అని అడిగారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది మన దేశంలో నేరమని చెప్పి, ఆయన చేతికి బైనాక్యులర్స్ ఇచ్చి, కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యానికి తీసుకువెళ్ళాను. అమెరికాలో వేటగాళ్ళు తెల్లవారకముందే పొలంలో బొమ్మ బాతులను పరిచి, గాలికి ఎదురుగా దిగే పక్షుల కోసం మాటున పడుకొని ఉంటారట. ఎదురుచూపులో మాత్రం రెండు యాత్రలూ ఒకటే.

ఇక్కడ గడియారం కంటే ఆటుపోట్లు ముఖ్యం. నీరు వెనక్కి తగ్గే పాటు సమయంలో మడచెట్ల వేళ్ళ మధ్య బురద బయటపడినప్పుడే పీతల కోసం, పురుగుల కోసం కొంగలు, ఉల్లంకులు అక్కడికి చేరతాయి. పోటెక్కగానే అవి చెట్ల మీదికో, దూరపు ఇసుక తిప్పల మీదికో వెళ్ళిపోతాయి. అందుచేత బయలుదేరే వేళను ముందురోజే పడవ నడిపేవారిని అడిగి తెలుసుకోవాలి. ముదురు రంగు బట్టలు, తాగునీరు, టోపీ చాలు.

చలికాలపు సూదితోక బాతులు కనిపించవచ్చు. తలపై రెండు నల్లచారలతో హిమాలయాలను దాటి వచ్చే పెద్దబాతు కనిపిస్తుందని మాత్రం నిజాయితీగల గైడెవరూ మాట ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మాకు ఆ రోజు అది కనిపించలేదు; అయినా బావగారు వచ్చే జనవరికి ఇప్పుడే సెలవు పెట్టుకున్నారు.