గీతకి ఏం పెట్టాలి

ఆదివారం, చెన్నై, పెరంబూరు.

పొద్దున ఆరింటికే డాబా ఎక్కాను. రాత్రి ఒక జల్లు పడి వెళ్ళింది. వర్మీకంపోస్టు తొట్టి మీద కప్పిన గోనెపట్టా తడిసి బరువెక్కింది. దాన్ని తీసి, అరటితొక్కలూ కూరగాయల తరుగూ పక్కకి జరిపి చెయ్యి పెట్టేసరికి కింద ఎర్రటి వానపాములు గుత్తులు గుత్తులుగా కదిలాయి. రిటైరయ్యాక మొదలుపెట్టిన పని ఇది. అప్పట్లో ఒక పావుకిలో తెచ్చి వేస్తే ఇప్పుడు రెండు తొట్లు నిండాయి.

వాటిని చూడగానే వారం రోజులుగా బుర్రలో తిరుగుతున్న ఆలోచన మళ్ళీ వచ్చింది. మా అమ్మాయి మిన్నెసోటాలో చదువుకుంటూ ఒక పాముని పెంచుతోంది. దాని తిండికి వానపాముల్ని డజన్ల లెక్కన డాలర్లు పోసి కొంటోంది. అవే ఇక్కడ నా తొట్టిలో కాణీ ఖర్చు లేకుండా పుడుతున్నాయి. తనూ ఒక డబ్బాలో ఇంత మట్టీ తొక్కలూ వేసుకుని పెంచుకుంటే సరిపోతుంది కదా! స్టైపెండు మీద నెట్టుకొస్తున్న పిల్ల. పోయినవారం మాట్లాడినప్పుడు, కూరగాయలు ప్రియంగా ఉన్నాయని పప్పుచారుతో సరిపెట్టుకుంటున్నానంది. అదే నోటితో గీతకి చేపముక్క తెచ్చానని కూడా చెప్పింది. ఆ రోజు నుంచి నాకు మనసులో మనసు లేదు.

గీత అంటే ఆ పామే. గార్టర్ జాతి. నల్లటి ఒంటి మీద మెడ నుంచి తోక దాకా మూడు పసుపు గీతలుంటాయి, అందుకే ఆ పేరు. రెండున్నర అడుగుల పొడవు, నా బొటనవేలంత లావు. మనిషికి హాని చెయ్యని పాము. ల్యాబ్‌లో సీనియర్ ఒకమ్మాయి చదువు ముగించుకుని వేరే రాష్ట్రం వెళ్తూ మా అమ్మాయి చేతిలో పెట్టి వెళ్ళింది. మన చెరువుల్లో కనిపించే నీరుకట్టుకి దూరపు చుట్టం. అదీ ఇదీ ఒకలాగే కప్పలూ చేపలూ తిని బతుకుతాయి. ఇక్కడైతే నీరుకట్టుని పట్టి ఇంట్లో పెట్టుకుంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం ఉండడం మంచిదే.

ఏడున్నరకి వీడియో కాల్ వచ్చింది. అక్కడ శనివారం రాత్రి తొమ్మిది. నా ఆలోచన చెప్పీ చెప్పకముందే, "నాన్నా, ఆగు ఆగు. అవి ఏ రకం? ఒకటి తీసి చూపించు" అంది.

ఫోను పట్టుకుని మళ్ళీ డాబా ఎక్కాను. ఒకదాన్ని అరచేతిలో వేసుకుని కెమెరా దగ్గరగా పెట్టాను. ఎరుపు మధ్య లేత పసుపు కట్లు. వేళ్ళ మధ్య కాస్త నొక్కుకునేసరికి ఒంటి మీద పసుపు రంగు తడి ఊరింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వెల్లుల్లి కుళ్ళినట్టు వాసన. నాలుగేళ్ళుగా రోజూ ముట్టుకుంటున్నాను కానీ ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"అదే నాన్నా. ఐసీనియా ఫెటిడా. ఫెటిడా అంటేనే కంపు కొట్టేది అని. ఆ పసుపు ద్రవంలో ఉన్నది విషం. గీత లాంటివి తింటే కక్కుకుంటాయి, చచ్చిపోవచ్చు కూడా" అంది.

తను కొనేది నైట్‌క్రాలర్ అనే పెద్ద రకం. చిటికెనవేలంత లావు, మట్టి రంగు. చేపలు పట్టేవాళ్ళకి ఎరలమ్మే కొట్లో డబ్బాల్లో దొరుకుతాయట. వాన పడ్డ రాత్రి టార్చిలైటు వేసుకుని వెళ్తే గడ్డి మీద ఊరికే దొరుకుతాయి, కానీ ఏ గడ్డి మీద ఏ మందు కొట్టారో తెలియదని తను ఏరదు. నేను ఆ ఎర్ర పురుగుని మెల్లగా తొట్టిలోకి వదిలేశాను. నేనే గనక అక్కడుంటే, ఖర్చు కలిసొస్తుందని సంబరపడి నా చేత్తో గీతకి పెట్టేసి ఉండేవాణ్ణి. తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

ఎందుకంటే అలాంటిదే జూన్‌లో ఒకసారి జరిగింది. గీత వచ్చిన కొత్తలో, ఎరల కొట్టులోనే ఇంకో మూల ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిట్టి చేపలు చాలా చౌకగా దొరుకుతుంటే అమ్మాయి అవే తెచ్చి పెట్టింది. పాములు చేపలు తింటాయి కదా, కొట్టువాడూ ఫరవాలేదన్నాడు. ఐదారు వారాలు బాగానే తింది. ఒకరోజు తల పైకెత్తి వెనక్కి వాల్చేసి ఆకాశం చూస్తున్నట్టు ఉండిపోయింది. చేపముక్క ముందు పెడితే అందుకోబోయి పక్కకి పడిపోయింది. అర్ధరాత్రి ఏడుస్తూ ఫోన్ చేసింది పిల్ల. ఇంత దూరంలో ఉండి నేనేం చెయ్యగలను! డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. బి1 విటమిన్ ఇంజెక్షన్లు చేశాక మెల్లగా తేరుకుంది. ఆ బిల్లు గీత ఏడాది తిండి ఖర్చు కంటే ఎక్కువ.

ఆ చేపల్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది బి1ని విరిచేస్తుంది. ఒకపూట తింటే ఏమీ కాదు. వారం వారం అదే పెడితే నరాలు దెబ్బతింటాయి. గోల్డ్‌ఫిష్‌లోనూ ఉంది. మనం బంగారుతీగ అని పులుసు పెట్టుకునే కార్ప్‌లోనూ ఉంది. నెత్తళ్ళు, కవళ్ళ జాతుల్లో కూడా చాలావాటికి ఆ గుణం ఉందట. మనం ఉడకబెట్టి తింటాం కాబట్టి వేడికి అది చచ్చిపోతుంది. ఫ్రీజర్‌లో పెడితే మాత్రం చావదు. ఈ తేడా తెలియకే మా అమ్మాయి అప్పట్లో, గడ్డకట్టించి పెడుతున్నాను కదా అని ధీమాగా ఉంది.

బి1 అనగానే నాకు నాయనమ్మ గుర్తొచ్చింది. కాకినాడ పక్క పల్లెటూరు ఆమెది. మర ఆడించిన తెల్లబియ్యం ఇంట్లోకి రానిచ్చేది కాదు, దంపుడు బియ్యమే. సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి ఎంతమంది కాళ్ళు పడగొట్టిందో ఆమె చూసింది. అదీ బి1 లోపమే. కడుపు నిండుతూనే ఉంటుంది, లోపల మనిషి ఖాళీ అయిపోతుంటాడు. గీతకి జరిగిందీ అదే.

ఇప్పుడు అమ్మాయి లెక్క పకడ్బందీగా ఉంది. చెన్నైలో మనం జిలేబీ అంటామే, ఆ తిలాపియా చేప తెల్ల ముక్కలు సూపర్‌మార్కెట్‌లో ఒక సంచి కొంటుంది. అందులో ఆ ఎంజైమ్ లేదు. సగం తన కూరకి, సగం గీతకి. సన్నగా పొడుగ్గా కోసి, కాల్షియమూ విటమిన్లూ కలిపిన పొడి అద్ది పెడుతుంది. ముళ్ళు తీసేసిన ముక్క కదా, పొడి లేకపోతే ఎముకలకి బలం ఉండదు. వానపాములకీ అంతే, పొడి చల్లాల్సిందే. సాల్మన్, ట్రౌట్ కూడా మంచివే కానీ వాటి ధర వినగానే నేనే వద్దన్నాను. కత్తీ పళ్ళెమూ మాత్రం గీతవి వేరు, తనవి వేరు. పాముల ఒంటి మీద సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉంటుంది కాబట్టి ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోమని నేను రోజూ చెప్తూనే ఉంటాను.

గప్పీలు పెంచితే ఎలా ఉంటుందని అడిగాను. మాకు పక్కనే కొళత్తూరు, వీధి వీధికీ రంగుచేపల తొట్లే. అమ్మాయి ఏడో క్లాసులో ఉండగా అక్కడి నుంచి ఆరు గప్పీలు తెచ్చాను. గుడ్లు పెట్టవు, నెలకోసారి పిల్లలే. మూడు నెలలకి చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ పంచినా మిగిలిపోయాయి. అవి గీతకి మంచివే, ఆ ఎంజైమ్ గొడవ లేదు, పైగా ముళ్ళతో సహా మింగుతుంది. కానీ మిన్నెసోటా చలిలో తొట్టికి హీటరు పెట్టాలి. తను ఆలోచిస్తానంది. పెంచితే మాత్రం నాకు సంతోషం. మన డాబా మీద మొదలైన పని అక్కడ సాగుతుంది.

అన్నిటికంటే సంపూర్ణమైన తిండి వేరే ఉంది. కళ్ళు తెరవని ఎలుకపిల్లలు. చంపి గడ్డకట్టించి అమ్ముతారు, ఒక్కోటి డాలరు దగ్గర పడుతుంది. యాభై ఒకేసారి కొంటే ఇంకా తగ్గుతుంది. ఎముకలూ పేగులూ కాలేయమూ అన్నీ ఉంటాయి కాబట్టి పొడులు అక్కర్లేదు. చేపలూ వానపాములూ అయితే వారానికి రెండుసార్లు పెట్టాలి. ఇవైతే ఒక్కసారి చాలు. చిక్కు ఏమిటంటే, గీతకి ఎలుక వాసన తెలియదు. ఇప్పటికి మూడుసార్లు పెట్టి చూసింది, ముట్టుకోలేదు.

ఇవాళ నాలుగోసారి. నాకు చూపిస్తానంది. వేడినీళ్ళ గిన్నెలో కరిగించిన ఎలుకపిల్లని తిలాపియా ముక్క మీద అటూ ఇటూ రుద్దింది. గులాబీ రంగు, చింతగింజంత తల. చూడగానే జాలేసింది. అమ్మాయి మొహంలోనూ అదే కనిపించింది. కానీ ఆకులు తిని బతకలేని ప్రాణిని తెచ్చి పెట్టుకున్నాం, దాని తిండి దానికి పెట్టాలి. పొడుగు పట్టకారుతో పట్టుకుని గీత ముందు పెట్టింది. నాలుక రెండు పాయలుగా బయటికొచ్చి గాలిని తడిమింది. వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. ఈసారి ఎలుకపిల్ల ఒంటిని తాకింది. ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. గీత మెడ వంచి పక్కకి వెళ్ళిపోయి చెక్క కింద దూరింది.

అమ్మాయి ఏమీ అనలేదు. ఒక డబ్బామూత మీద ఎలుకపిల్లని పెట్టి, చెక్క పక్కన ఉంచి, లైటు ఆపేసింది. "పడుకునే ముందు చూస్తాను నాన్నా" అంది.

మా ఆవిడ వంటింట్లోంచి అంతా వింటూనే ఉంది. పాముని మాత్రం ఇంతవరకూ చూడలేదు. "నాగులచవితికి పుట్టలో పాలు పోస్తాం కదండీ, కాసిని పాలు పొయ్యమనండి" అంది. పాములకి పాలు అరగవని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే పాపం అది ఆకలితోనే ఉంటుందా ఈ రాత్రంతా?" అంది. ఏం చెప్పాలో తెలియలేదు.

అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు గిండీ స్నేక్ పార్కుకి తీసుకెళ్ళాం. రోములస్ విటేకర్ 1972లో అక్కడ పెట్టినది. మా ఆవిడ బయట బెంచీ మీద కూర్చుంది. పిల్ల నా భుజాల మీద ఎక్కి అద్దానికి అరచేతులు ఆనించి, "నాన్నా, దానికి ఎవరు అన్నం పెడతారు?" అని అడిగింది. పాము ఏం చేస్తుందనో, కరుస్తుందా అనో అడగలేదు.

పదింటికి కాసిమేడు చేపల మార్కెట్‌కి వెళ్ళొచ్చాను. ఆదివారం రద్దీ, కాలు పెట్టే చోటు లేదు. నెత్తళ్ళు తెచ్చాను, అరకిలో. మా ఆవిడ తలలు గిల్లి, పసుపూ ఉప్పూ కారమూ పట్టించి మూకుట్లో వేస్తుండగా నా ఫోను మోగింది. అక్కడ అర్ధరాత్రి దాటింది. ఒకే ఫోటో. డబ్బామూత ఖాళీగా ఉంది. గీత చెక్క మీద చుట్టుకుని ఉంది, మెడ కింద చిన్న ఉబ్బు. కింద అమ్మాయి రాసింది: "తినేసింది నాన్నా. నేనూ ఇప్పుడే అన్నం కలుపుకున్నాను."

మా ఆవిడ అట్లకాడ పట్టుకునే ఇటు తిరిగింది.

"తిన్నదా?" అని అడిగింది.

ఎవరి సంగతని నేను అడగలేదు.

"ఇద్దరూ తిన్నారు" అన్నాను.