అబ్బ సానరాయి మీద పెన్సిల్ గీతలు

రాత్రి పదకొండు దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు. వంటింటి గట్టు మీద సగం పిండిన నిమ్మచెక్క, దాని పక్కన రెండు సానరాళ్ళు ఉన్నాయి. అందులో మా అబ్బ, అంటే తాత, వాడిన రాయి మీద పెన్సిల్‌తో అడ్డంగా, నిలువుగా గడులు గీసి ఉన్నాయి. ఆ గడులు గీసింది నేనే, గీసినప్పటి నుంచి మనసు కుదుట పడలేదు.

ముందు రెండో రాయి సంగతి చెప్పాలి, ఎందుకంటే దాని మీది కోపం ఇంకా చల్లారలేదు. మంగలి కత్తికి చివరి పదును పెట్టడానికే పుట్టిన సహజమైన రాయి అని గొప్పగా రాసిన ప్రకటన చూసి, 2,600 రూపాయలు కట్టి దాన్ని తెప్పించుకున్నాను. నల్లగా, నున్నగా, చూడముచ్చటగానే ఉంది. మూడు వారాలుగా రోజూ అరగంట దాని ముందు కూర్చున్నాను. నిజంగా సానపట్టే రాయి అయితే కాసేపటికి పైనున్న నీటిలో సన్నటి నల్లని మడ్డి తేలాలి, ఉక్కు అరుగుతోందనడానికి అదే గుర్తు. ఇక్కడ నీరు మొదట ఎంత తేటగా ఉందో చివరికీ అంతే తేటగా ఉండేది. తప్పు నా చేతిదేననుకుని చేతి బరువు పెంచాను. దాంతో పలుచని వాదర, అంటే కత్తి పదునంచు, మెలిపడి, ఉన్న పదును కూడా పోయి, మొన్న శుక్రవారం గడ్డం గీసుకుంటుంటే వెంట్రుక తెగకుండా పీక్కుపోయి దవడ కింద చర్మం లేచింది.

ఈ సాయంత్రం చిన్నోడు నిమ్మరసం కలుపుకుంటుంటే ఒక చుక్క ఆ రాయి మీద పడింది. తుడవబోయి వంగి చూశాను. చుక్క అంచు వెంబడి ఆవగింజలో సగం కూడా లేని బుడగలు ఒకదాని వెనుక ఒకటి లేచి పగులుతున్నాయి. ఇంకో చుక్క వంటింటి గట్టు మీద వేస్తే అక్కడా అదే నురుగు వచ్చింది. మా గట్టు ఎర్రగుంట్ల వైపు నుంచి తెచ్చిన నాపరాయి, అంటే సున్నపురాయి జాతిది. అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ సున్నం కోసమే. ఖనిజాల గట్టితనాన్ని కొలిచే మోస్ కొలమానంలో సున్నపురాయిలోని కాల్సైటు 3 దగ్గర ఉంటుంది, పలుగురాయి 7 దగ్గర ఉంటుంది. పదును పట్టిన కత్తి ఉక్కు కాల్సైటు కంటే ఎంతో గట్టిది కనుక అలాంటి రాయి మీద జన్మంతా రుద్దినా రాయే అరుగుతుంది. గుమ్మం నుంచి పెరటి దాకా నాపరాళ్ళే పరుచుకునే ఊళ్ళో ఉన్న నాకు, సానరాయి పేరుతో అలాంటి బండ ముక్కనే పంపి అంత డబ్బు తీసుకున్నారు. అడిగితే సహజమైన రాళ్ళు ఒకదానితో ఒకటి పోలవని, వాపసు గడువు ఏడు రోజులేనని రెండు ముక్కల్లో జవాబు వచ్చింది. పోయిన డబ్బు కంటే, నా చేయి మంచిది కాదని ఇరవై రోజుల పాటు నన్ను నేను తిట్టుకున్నందుకే ఎక్కువ బాధగా ఉంది.

అసలైనవి లేవా అంటే ఉన్నాయి. బెల్జియంలోని ఆర్డెన్ కొండల్లో దొరికే లేతపసుపు కోటికూల్ రాయిలో గార్నెట్ గింజలు, అంటే మన గోమేధికం జాతివి, కిక్కిరిసి ఉంటాయి. చిన్న రాయితో దాని మీద నీళ్ళు పోసి నూరితే గంధం తీసినట్టు పాలవంటి ద్రవం వస్తుంది. దానితో మొదలుపెట్టి, చుక్క చుక్కగా నీళ్ళు కలిపి పలుచన చేసుకుంటూ, చివరికి వట్టి నీటి మీద ముగిస్తారు. జర్మనీలోని తురింగియా రాయి పలక జాతిది. అవి కొనే స్తోమత నాకు లేదు.

అబ్బ రాయి కూడా పలక జాతిదే, మార్కాపురం నుంచి తెచ్చుకున్నానని చెప్పేవాడు. ఆయన మంగలి సామాను పొదిలో కత్తెర, గోరుగల్లు, ఇత్తడి గిన్నె అన్నీ ఒక పక్క, గుడ్డలో చుట్టిన ఈ రాయి ఒక్కటీ మరో పక్క ఉండేవి. మధ్యాహ్నం పూట వేపచెట్టు కింద అరుగు మీద కూర్చుని, గిన్నెలో వేళ్ళు ముంచి నాలుగు చుక్కలు చల్లి, కత్తి వెన్నూ వాదరా రెండూ రాయిని తాకేలా పడుకోబెట్టి, వాదర ముందుకు వెళ్ళేలా తోసి, చివర వెన్ను మీదనే తిప్పి వెనక్కు తెచ్చేవాడు. ఆ తిప్పడంలో వాదర ఎప్పుడూ రాయిని పొడిచేది కాదు. తోలుపట్టీ మీద మాత్రం నడక తిరగబడి, వెన్ను ముందు పోయేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి కత్తి నా చేతికిచ్చి, తన చేయి నా చేతి మీద పెట్టి, "అదమొద్దు రా నాయనా, కత్తి బరువే చాలు. వెన్ను ల్యావకుండా పోనియ్యల్ల," అన్నాడు. ఆయన అరచేతి కింద నా వేళ్ళు నొక్కుకుపోతాయనుకున్నాను, కానీ ఆ చేతికి బరువే లేదు. రాయి మీద నుంచి వచ్చిన చప్పుడు, తడి పలకను బట్టతో తుడిచినట్టు ఒకే తీరున ఉండింది. కొద్ది కాలానికే ఎయిడ్స్ భయంతో అంగళ్ళలోకి అర బ్లేడు కత్తులు వచ్చాయి, నాయన అంగట్లో కూడా పొది అటక మీదికి చేరింది. రాయి నేర్చుకునే అవసరం నాయనకు రాలేదు, అడుగుదామన్న ధ్యాస వచ్చేసరికి నాకు అబ్బ లేడు.

అబ్బ రాయి ఉండగా వేరేది ఎందుకు కొన్నానంటే, నాలుగు వేళ్ళ వెడల్పున్న ఆ రాయి నడుమ గుంట పడి ఉంది. నా కత్తి వాదర తిన్ననిది. వాదర పొడుగునా మార్కర్ సిరా పూసి నాలుగుసార్లు తోస్తే రెండు కొసల్లో సిరా పోయి, నడుమ అలాగే నిలిచింది. గాజు పలక మీద గరుకు కాగితం పరిచి రాయిని చదును చేయడమే దీనికి మందు, పెన్సిల్ గడులన్నీ చెరిగిపోతే రాయి సమమైనట్టు. ఏళ్ళ తరబడి అబ్బ చేయి తీసిన గుంటను నా చేతులతో చెరిపేయడానికి మనసొప్పక ఆ బండ కొన్నాను. అది దగా అని తేలాక, కోపంలో, ఇక చదును చేసేద్దామని ఇందాక గడులు గీశాను.

కాగితం తడిపి, చివరిసారి చూసుకుందామని అబ్బ కత్తిని రాయి మీద అడ్డంగా పెట్టాను. ఆయన కత్తి వాదర తిన్ననిది కాదు, రెండు కొసలూ అరిగి నెలవంకలా పొట్ట తీసి ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని అరుగుదల అనుకుని, ఆ కత్తిని పనికిరానిదిగా పక్కన పెట్టాను. దీపం వైపు ఎత్తి చూస్తే కత్తికీ రాయికీ నడుమ వెలుతురు రాలేదు. రాయి గుంట పడ్డ కొద్దీ కత్తి కొసలు అరుగుతూ, రెండూ ఒకదానికొకటి ఒదిగాయి. రాయిని చదును చేస్తే ఆ కత్తి దాని మీద నడుమ మాత్రమే తగులుతుంది.

నా కత్తికి మార్కాపురం పలక ముక్క వేరే చూసుకోవాలి. బొటనవేలు తడిపి గడులు తుడిచేశాను, మూల నున్న ఒక గీత మాత్రం ఎంత రుద్దినా పోలేదు. తర్వాత నాలుగు చుక్కలు చల్లి, అదమకుండా, అబ్బ కత్తిని ఇరవైసార్లు తోశాను. ఇరవయ్యో తోపుకు నీరు బూడిద రంగుకు తిరిగింది.