రంగుల్లేని భవిష్యత్తు

ఈ మధ్య రాత్రిళ్ళు నిద్ర మానుకుని 'స్లో డెత్' పాత సంచికల స్కాన్లు చూస్తున్నాను. 1970లో, మొదటి ఎర్త్ డే సమయానికి అమెరికాలోని బర్క్‌లీలో రాన్ టర్నర్ మొదలుపెట్టిన అండర్‌గ్రౌండ్ కామిక్ ఇది, అంటే పెద్ద కంపెనీలతో పని లేకుండా సొంతంగా వేసుకున్న బొమ్మల కథల పుస్తకం. సైన్స్ ఫిక్షనే, కానీ రాకెట్ల సంబరం కాదు. విషమైపోయిన నేల, మనిషి చేజేతులా తెచ్చుకున్న అంతం.

అట్ట రంగుల్లో ఉంటుంది, లోపలంతా చవక కాగితం మీద నలుపూ తెలుపే. డబ్బుల్లేక అలా వేసుకున్నారు గానీ, ఈ కథలకి అదే కలిసొచ్చింది. ఇందులో బొమ్మలు వేసిన గ్రెగ్ ఐరన్స్ పేజీ ఒకటి జూమ్ చేసి చూడండి. చీకటి అనుకున్నదంతా ఒకదాని మీద ఒకటి అడ్డంగా గీసిన సన్నని గీతలే. గీతలు దగ్గరయ్యేకొద్దీ ఊపిరాడనట్టు ఉంటుంది. ఇంకో చిత్రకారుడు రిచర్డ్ కోర్బెన్ అయితే రంగు లేకుండానే కండలకి బరువు తెప్పిస్తాడు.

కామిక్స్‌లో ఏం చూపించకూడదో ప్రచురణకర్తలే 1954లో పెట్టుకున్న నియమావళి కామిక్స్ కోడ్; దాని ఆమోదముద్ర వీళ్ళు అడగనే లేదు. న్యూస్‌స్టాండ్లు వదిలేసి హెడ్ షాపుల్లో, అంటే గంజాయి గొట్టాలూ పోస్టర్లూ అమ్మే హిప్పీ కొట్లలో, అమ్ముకున్నారు. 1973లో అశ్లీలతపై అమెరికా సుప్రీంకోర్టు తీర్పు రాగానే ఆ కొట్లవాళ్ళకి టెన్షన్ పట్టుకుంది, అమ్మకాలు పడిపోయాయి.

అన్నీ నచ్చాయని అబద్ధం చెప్పను. ఆ తరం అండర్‌గ్రౌండ్ కామిక్స్‌లో ఆడవాళ్ళని చూపించిన తీరు చాలాచోట్ల చిరాకు పుట్టిస్తుంది. అవి గబగబా తిప్పేశాను.

కోర్బెన్ తర్వాత రంగుల్లోనూ పెద్ద పేరు తెచ్చుకున్నాడు. నా ఓటు మాత్రం నలుపు తెలుపుకే. ఎవరి దగ్గరైనా ప్రింట్ కాపీ ఉంటే చెప్పండి, చూసి భద్రంగా తిరిగిచ్చేస్తా.