కెమెరా ఎవరి చేతిలో ఉంది?

మన బడిలో తొమ్మిదో తరగతి చదివినవాళ్లకు హిట్లర్ పాఠం గుర్తుండే ఉంటుంది. రెండు పీరియడ్లు, ఒక మ్యాపు, చివర్లో అరవై లక్షల మంది యూదులన్న ఒక అంకె. కఠినంగా ఉండే మాస్టారికి ‘హిట్లర్’ అని పేరు పెట్టే అలవాటు మన పిల్లల్లో ఇంకా ఉంది. ఆ పేరు వెనకున్న హత్యాకాండ మాత్రం వాళ్లకు అందడం లేదు. ఇప్పుడు తరగతి గదుల్లోకి తెరలొచ్చాయి కాబట్టి సాంఘికశాస్త్రం టీచర్లు సినిమా వేద్దామనుకుంటారు. వేయాలి కూడా. ఏది, ఎన్ని నిమిషాలు, ఏ వరుసలో అన్నదే అసలు సంగతి.

నన్నడిగితే, నాజీలు తీయించిన అబద్ధపు సినిమాతోనే మొదలుపెట్టాలి. చెక్ రాజధాని ప్రాగ్‌కు ఉత్తరాన టెరెజీన్ అనే ఊరుంది. జర్మన్లు దాన్ని థెరీసియన్‌స్టాట్ అనేవాళ్లు. 1941 నవంబరు నుంచి అది యూదుల ఘెట్టో, అంటే వాళ్లను బంధించి ఉంచిన వాడ. 1944 జూన్ 23న రెడ్‌క్రాస్ ప్రతినిధులు చూడ్డానికి వస్తున్నారని ఇళ్లకు రంగులేశారు, పూలమొక్కలు నాటారు. జనం కిక్కిరిసి కనబడకూడదని మే నెలలోనే దాదాపు 7,500 మందిని పోలండ్‌లోని ఆష్విట్జ్ చావు శిబిరానికి పంపేశారు. చేసిన ముస్తాబు ఎలాగూ ఉంది కదా అని ఆగస్టు, సెప్టెంబరుల్లో అక్కడే సినిమా తీశారు. ఖైదీగా ఉన్న బెర్లిన్ నటుడు కుర్ట్ గెరాన్‌తో బలవంతంగా దర్శకత్వం చేయించారు. ఇప్పుడు మిగిలింది ఇరవై నిమిషాల పైచిలుకు ముక్కలే: ఫుట్‌బాల్ ఆట, గ్రంథాలయం, తోటపని, రొట్టె తింటున్న పిల్లలు, ఒక కచేరీ.

దీనికి రెండు పీరియడ్లు కలిపి తీసుకోవాలి. మొదట ఎనిమిది నిమిషాలు ధ్వని తీసేసి వేయాలి. పిల్లలు కాగితం మీద కంటికి కనబడినవి మాత్రమే రాయాలి, అభిప్రాయాలు వద్దు. రెండోసారి ధ్వనితో వేసి, కెమెరా ఎవరిది, ఎవరు చూడ్డానికి తీశారు అని అడగాలి. ఆ తరువాతే తేదీలు బోర్డు మీద రాయాలి. ఈ వరుస తప్పితే రెండు రకాలుగా చెడుతుంది. ఇది అబద్ధమని ముందే చెప్పేస్తే పిల్లలు తప్పులు వెతికే ఆటలో పడతారు, మనుషుల ముఖాలు చూడరు. చెప్పకుండా వేస్తూండగా గంట కొట్టేస్తే ఆ అబద్ధాన్నే ఇంటికి మోసుకుపోతారు. ఒకే పీరియడ్ దొరికితే దీని జోలికి వెళ్లకండి.

కచేరీ దృశ్యాన్ని ఆపి ఆపి చూపాలి. వాద్యబృందాన్ని నడిపిస్తున్నది కరెల్ అన్చెర్ల్ అనే ఖైదీ. ఆయన నిలబడ్డ వేదిక ముందు పూలకుండీలుంటాయి. పిల్లలు అలంకారమనుకుంటారు. ఆయన కాళ్లకున్న చెక్కచెప్పులు కెమెరాకు దొరక్కుండా అడ్డం పెట్టిన కుండీలవి. వాయిస్తున్న సంగీతం రాసిన పావెల్ హాస్ చివర్లో ముందుకొచ్చి తలవంచి చప్పట్లు అందుకుంటాడు. ఆ అక్టోబరులోనే ఆయన్ను ఆష్విట్జ్‌లో చంపేశారు. గెరాన్‌ను అక్టోబరు 28న, అక్కడికి వెళ్లిన ఆఖరి రైల్లో ఎక్కించారు. అన్చెర్ల్ బతికాడు. ఒక పూలకుండీ దగ్గర ఆగిన పిల్లవాడికి ‘ప్రచార చిత్రం’ అంటే ఏమిటో మళ్లీ నిర్వచనం చెప్పనక్కర్లేదు.

ఇక ‘షిండ్లర్స్ లిస్ట్’ సంగతి. తన ఫ్యాక్టరీలో పనిచేసే యూదులను కాపాడిన జర్మన్ వ్యాపారి షిండ్లర్ కథ అది. 195 నిమిషాలంటే మన లెక్కన ఐదు పీరియడ్లు. రోజుకో ముక్క వేస్తే మధ్యలో పిల్లల మనసు చెదిరిపోతుంది. 1943 మార్చిలో క్రాకోవ్ ఘెట్టోను ఖాళీ చేయించిన దృశ్యం నుంచి పది పన్నెండు నిమిషాలు చాలు. స్నానాల గది దృశ్యం వేయకూడదు. గ్యాస్ వస్తుందని భయపడిన ఆడవాళ్ల మీద నీళ్లు పడతాయి. ఈ విషయం ఇంకెక్కడా చదవని పిల్లలు గ్యాస్ చాంబర్ల కథంతా ఇంతేనేమో అనుకునే ప్రమాదముంది. షిండ్లర్ వల్ల బతికినవాళ్లు 1,100 మంది పైచిలుకు, పోలండ్‌లో చంపబడ్డ యూదులు దాదాపు ముప్పై లక్షలు. ఈ రెండంకెలూ పక్కపక్కన బోర్డు మీద ఉండాలి.

పిల్లలు అడిగేది, టీచర్లకు తేలిగ్గా తోచేది ‘ది బాయ్ ఇన్ ది స్ట్రైప్డ్ పైజామాస్’. శిబిరాధికారి కొడుకు, కంచె అవతలున్న అదే వయసు యూదు పిల్లవాడు స్నేహం చేసే కథ. అది వద్దు. ఆష్విట్జ్‌లో ఆ వయసు యూదు పిల్లల్లో చాలామందిని రైలు దిగిన రోజే చంపేశారు. కంచెల్లో కరెంటు పారేది, కాపలా ఉండేది. రోజూ వెళ్లి కబుర్లు చెప్పుకునే చోటు కాదది. పైగా సినిమా ముగిసేసరికి మన కన్నీళ్లన్నీ శిబిరాధికారి కుటుంబం కోసం కారతాయి. దీనికి మూలమైన నవలను ఈ చరిత్ర చెప్పేవాళ్లు దూరం పెట్టాలని ఆష్విట్జ్ మ్యూజియమే 2020లో చెప్పింది.

నాజీ శిబిరాల మీద తీసిన ఫ్రెంచి డాక్యుమెంటరీ ‘నైట్ అండ్ ఫాగ్’ 32 నిమిషాలే, పీరియడ్‌లో పడుతుంది. చివర్లో బుల్‌డోజర్ శవాలను నెట్టే దృశ్యాలున్నాయి కాబట్టి తొమ్మిదికి వద్దు, ఇంటర్ పిల్లలకైతే సరే. ఒక ఫ్రెంచి పోలీసు టోపీ కనబడుతోందని సెన్సారువాళ్లు దాన్ని కప్పేయించిన సంగతి చెప్పి చూపండి. శవాల దృశ్యాలకు కొందరు పిల్లలు నవ్వుతారు. భయం పట్టలేక వచ్చే నవ్వది, తిట్టొద్దు. సినిమా ఆపి లైట్లు వేయండి.

భాష దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. బతికి బయటపడ్డవాళ్ల సాక్ష్యాల వీడియోల కింద ఇంగ్లిషు అక్షరాలు రెండు వరుసలు ఐదారు సెకన్లలో వెళ్లిపోతాయి. మన పిల్లలు చదివేలోపు ముఖం మారిపోతుంది. నాలుగు నిమిషాల ముక్క ఎంచుకుని, తెలుగులో రాసి, ముందురోజే పంచాలి. ఘెట్టోను ‘వెలివాడ’ అని తెనిగిస్తే మన పిల్లలకు చప్పున తగులుతుంది. ఆ మాట బరువు వాళ్ల ఇళ్లలోనే తెలుసు. దాన్ని వాడండి, వాడి తేడా కూడా చెప్పండి: ఈ ఘెట్టోల నుంచి చావు శిబిరాలకు రైళ్లు వెళ్లాయి. ‘చనిపోయారు’ అని రాసిన చోటల్లా కొట్టేసి ‘చంపేశారు’ అని రాయించండి.

తల్లిదండ్రులకు వారం ముందే ఏ సినిమా, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా అని రాసి చీటీ పంపాలి. మధ్యాహ్న భోజనానికి ముందు పీరియడ్లో వేయొద్దు, ఆఖరి పీరియడ్లోనూ వద్దు. వేశాక పిల్లలు ఇంకో గంటైనా బడిలో, మీ కళ్లెదుట ఉండాలి.