గన్‌మెటల్ బుష్, తుపాకీ పెన్ను

జూన్ 14, ఆదివారం. శ్రీకాకుళం.

పొద్దున్న ఆరింటికే చెమట. రాత్రి నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి. నేల సరిగ్గా తడవలేదు కానీ ఉక్క మాత్రం రెట్టింపయింది. ఇలాంటి రోజున సీఏ గ్లూ, అంటే ఫెవిక్విక్ లాంటి జిగురు, పని పెట్టుకోకూడదని నాకు తెలుసు. తెలిసే పెట్టుకున్నాను. ఆర్డరిచ్చిన హైదరాబాద్ ఆయనకి మంగళవారం లోగా లేత్ మీద తిప్పి చేసిన నాలుగు పెన్నులు కొరియర్‌లో వెయ్యాలి మరి.

ఆయన అడిగింది వేట పెన్నులు. రైఫిల్‌కి ఉన్నట్టే వీటికీ పక్కన చిన్న బోల్టు పిడి ఉంటుంది. దాన్ని ముందుకి తోసి పక్క గాడిలోకి వాలిస్తే రీఫిల్ ముక్కు బయటికొస్తుంది. గాడిలోంచి తప్పిస్తే స్ప్రింగు దాన్ని టక్కున లోపలికి లాగేస్తుంది. క్లిప్పు కూడా చిన్న రైఫిలే. అమెరికాలో వేటకెళ్ళే వాళ్ళకి ఈ పెన్నులంటే మోజు. అక్కడ వీటిని జింక కొమ్ముతో చేస్తారు. మగ జింకలకి కొమ్ములు ఏటా రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి కదా, రాలినవి అడవిలో ఏరుకొచ్చి లేత్ మీద ఎక్కిస్తారు. కొమ్ము అంటాం కానీ అది ఎముకే. తిప్పుతుంటే జుట్టు కాలిన కంపు కొడుతుందట.

ఈయనా మొదట కొమ్ముతోనే చెయ్యమన్నాడు. "రాలిపోయిన కొమ్మే కదండీ, ఎవరూ చంపలేదు కదా" అన్నాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉందండీ, మన దగ్గర రాలిన కొమ్ము అమ్మినా కేసే అని చెప్పాను. కావాలంటే మా ఊరి కొబ్బరి చెక్కతో చేస్తానన్నాను. కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత "ముదురు రంగుదేనా?" అని అడిగాడు. అలా కుదిరింది బేరం.

ఆ చెక్క కథ వేరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా అమ్మ పుట్టింటి వాళ్ళ తోటలో ఒక్క రాత్రిలో ఇరవై చెట్లు పడిపోయాయి. కొబ్బరి చెట్టు పడిపోతే పొయ్యిలోకి కూడా సరిగ్గా పనికి రాదని అందరూ వదిలేశారు. మొదలు దగ్గర, బెరడు వైపున్న గట్టి భాగం మాత్రం కోయించి తెచ్చుకున్నాను. లోపలంతా బెండే. బయటి రెండు మూడు అంగుళాలే అసలు సరుకు. గోధుమ రంగు మీద నల్లటి ఈనెలు, అడ్డంగా కోస్తే చుక్కలు, నిలువుగా కోస్తే గీతలు. ఏడేళ్ళు దాటింది, అటక మీద ఎండి ఎండి ఇనుమయింది. ఇసక లాంటి గుణమేదో ఉంది దానిలో, ఎంత పదును పెట్టిన ఉలైనా రెండు పెన్నులకే మొద్దుబారిపోతుంది.

ఏడింటికి మా ఆవిడ సంచీ చేతికిచ్చింది. "బాబాయిగారు వస్తున్నారు కదా, వేట మాంసం కేజీ తెండి, బొమికలు ఎక్కువ వెయ్యొద్దని చెప్పండి." నాకు నవ్వొచ్చింది. బల్ల మీద వేట పెన్నులు, సంచీలోకి వేట మాంసం, అంటే మేక మాంసం. ఇక ఆ వచ్చే ఆవిడ బాబాయి, నాకు మావయ్య, వేటకెళ్ళే మనిషి. మా వైపు వేట అంటే సముద్రంలో చేపల వేటే. చిన్నప్పుడు బడిలో వేటగాడి పాఠం చెప్తుంటే నేను ఊహించుకున్నది వలే, విల్లు కాదు.

మాంసం కొట్టు దగ్గర గంట పోయింది.

శనివారం రెండు పెన్నులు పూర్తయ్యాయి. నిన్న గాలి పొడిగా ఉంది, అద్దంలా వచ్చాయి. ఈ రోజు మిగిలిన రెండూ. చెక్క ముక్కని లేత్ పట్టులో (చక్‌లో) బిగించి, లేత్ వెనక కొస నుంచి మూడు బై ఎనిమిది అంగుళాల డ్రిల్ తోస్తూ, ప్రతి అర అంగుళానికీ వెనక్కి లాగి పొట్టు దులపాలి. ఇక్కడ తొందరపడితే చెక్క వేడెక్కి పగులుతుంది. బెజ్జంలో ఇత్తడి గొట్టం దించి అతికించి, రెండు కొసలూ గొట్టంతో సమానంగా చదును చేస్తే సగం పని అయినట్టే. మూడోది బాగానే వచ్చింది. నాలుగోది కొస దగ్గరికి రాగానే ఒక ఈనె మొదలంటా పెచ్చు లేచిపోయింది. ఉలికి పదును పెట్టకుండా లాగించేశాను, తప్పు నాదే. ఆ ముక్క ఇక గోలీలాటకే.

పదిన్నరకి మావయ్య దిగాడు. భావనపాడు నుంచి టెక్కలి మీదుగా రెండు బస్సులు మారి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సంచీ, చంకలో మొగలాకుల కట్ట. ఆకులు తెమ్మని పోయిన వారం నేనే చెప్పాను, మర్చిపోతాడనుకున్నాను. సంచీలో న్యూస్‌పేపర్‌లో చుట్టిన బోటు షాఫ్ట్ బుష్ ఉంది, అంటే మోటారు ఇరుసు తిరిగే లోహపు గొట్టం. అరిగి అరిగి ఒక పక్క అండాకారం అయిపోయింది.

"ఈ రాత్రికే ఎల్లాల అల్లుడా. ఏటి సేస్తావో నువ్వే సూడు."

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు బోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఈ అర్ధరాత్రితో అది తీరిపోతుంది. రెండు నెలలు ఒడ్డున పడున్న బోటుకి సరిగ్గా చివరి రోజునే బుష్ గుర్తొచ్చిందా అని అడగబోయి ఊరుకున్నాను. నేను మాత్రం మంగళవారం ఇవ్వాల్సిన పెన్నులు ఎప్పుడు మొదలుపెట్టాను?

ఆదివారం నేను పనిచేసే లేత్ షెడ్డు మూసి ఉంటుంది. ఓనర్‌కి ఫోన్ చేసి తాళం తెచ్చుకున్నాను. మూల చూస్తే గన్‌మెటల్ రాడ్ ముక్క ఒకటి దొరికింది. రాగిలో తగరం, కొంచెం జింకు కలిపిన లోహం అది. ఒకప్పుడు దీనితో ఫిరంగులు పోసేవారు కాబట్టి ఆ పేరు. ఉప్పునీటికి ఓ పట్టాన చెడదు కాబట్టి ఇప్పుడు పడవల్లో బుష్‌లుగా బతుకుతోంది. ఫిరంగి వదిలి సముద్రానికి వచ్చిందన్నమాట. నా పెన్ను కిట్ల (పెన్ను లోహపు భాగాల) డబ్బా మీదా గన్‌మెటల్ అనే రాసుంటుంది. అది పైపైన పూసిన రంగు, అంతే.

షాఫ్ట్ 25 మిల్లీమీటర్లు. లోపలి బోరు దానికి సరిగ్గా సరిపోయేలా చేస్తే పనికిరాదు, వేడికి బిగుసుకుపోతుంది. పదో వంతు మిల్లీమీటరు పైన కాస్త వదలాలి, మరీ వదిలితే మళ్ళీ ఇదే అరుగుదల. మావయ్య స్టూలు మీద కూర్చుని చూశాడు. ముక్కలు సూదుల్లా లేచి చేతి మీద పడుతుంటే నేను మూతి తిప్పుకుంటున్నాను. ఆయన రెప్ప వెయ్యలేదు. వెర్నియర్ కొలబద్దతో నాలుగు సార్లు చూశాను. ఐదోసారి చూడబోతే "సాల్లేరా, అది పెళ్ళికూతురు కాదు" అన్నాడు.

ఇంటికొచ్చాక బల్ల మీద నిన్నటి పెన్నులు ఆయన కంట్లో పడ్డాయి. ఒకటి తీసి బోల్టు తోశాడు. టక్. మళ్ళీ లాగాడు. టక్.

"ఏట్రా ఇది, తుపాకీయా?"

"వేట పెన్ను మావయ్యా."

"పేలుతాదా?"

"పేలదు. రాస్తుంది."

"వేటంటావు, ఓ వల లేదు, ఓ సేప లేదు. ఇదేటి వేటరా!" అని మా ఆవిడ వైపు తిరిగి నవ్వాడు. అయినా పెన్ను కింద పెట్టలేదు. అన్నం వడ్డించే దాకా టక్ టక్ మంటూనే ఉంది. నిషేధానికి సర్కారు ఇచ్చే 20 వేలకి బ్యాంకులో వేలిముద్ర వెయ్యమంటే వెయ్యనని, పట్టుబట్టి సంతకం నేర్చుకున్న మనిషి. అన్నం తిన్నాక కరెంటు బిల్లు వెనక ఆ పెన్నుతోనే సంతకం పెట్టి చూశాడు. "నూనె రాసినట్టు పోతాంది" అన్నాడు. ఆ బిల్లు నేను దాచుకున్నాను.

మూడు గంటల బస్సుకి ఆయన వెళ్ళాక మూడో పెన్నుకి గ్లూ పూత మొదలుపెట్టాను. తిరుగుతున్న చెక్క మీద టిష్యూ కాయితంతో ఒక్కో పొర వెయ్యాలి, ఎనిమిది పది పొరలు పడితే గాజులా మెరుస్తుంది. ఆ జిగురు గట్టిపడేది గాలిలో తేమతోనే. అందుకే తేమ ఎక్కువైతే మరీ తొందరపడి తెల్లబడుతుంది. అయిదో పొరకే ముత్యపు రంగు మచ్చలు. ఆరో పొరకి మొత్తం పాలు పోసినట్టయింది. ఇంతలో కరెంటు పోయింది. ఒక విధంగా మంచిదయింది, లేకపోతే మొండికేసి ఏడోది కూడా వేసేవాణ్ణి.

కరెంటు వచ్చాక పూతంతా గీకేశాను. డబ్బాలో ఏటికొప్పాక నుంచి తెచ్చుకున్న లక్క కడ్డీలు రెండున్నాయి. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్ళో అంకుడు కర్రని తిప్పి బొమ్మలు చేసేవాళ్ళకి ఈ సీఏ గ్లూలు, టిష్యూ కాయితాలు ఏవీ అక్కర్లేదు. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఒత్తి పట్టుకుంటారు, రాపిడి వేడికి అదే కరిగి అంటుకుంటుంది, తర్వాత మొగలాకుతో రుద్దితే మెరుపొస్తుంది. లేత్‌ని పాత తెలుగులో తరిమెన అనేవారు, ఈ పనికి ఆ మాటే బాగుంటుంది నాకు.

మొగలాకు అంచుల ముళ్ళు కత్తిరించేసరికి వేళ్ళు రెండు చోట్ల గీసుకున్నాయి. మొదట గోధుమ రంగు లక్క ఉండలు కట్టింది. లేత్ వేగం పెంచి, కడ్డీని ఒకే చోట ఉంచకుండా జరుపుతూ పట్టాక సర్దుకుంది. ఆకు మడిచి అదిమి పట్టుకున్నాను. కొబ్బరి ఈనెలు ఒక్కొక్కటే లోపలి నుంచి తేలినట్టు కనిపించాయి. నిన్నటి వాటికున్న అద్దం మెరుపు దీనికి లేదు. తడి ఇసక మీద ఎండ పడినట్టుంది. నాకైతే ఇదే నచ్చింది. హైదరాబాద్ ఆయనకి నచ్చుతుందో లేదో, రేపు ఫొటో పంపి అడగాలి. వద్దంటే దీన్ని నేనే ఉంచుకుంటాను. నాలుగోదానికి రేపు వేరే ముక్క కోయాలి. ఈసారి ముందు ఉలికి పదును పెట్టి.

రాత్రి పదకొండు దాటాక మావయ్య ఫోన్. వెనక జనం అరుపులు, ఎవరో కొబ్బరికాయ కొట్టమంటున్నారు.

"బుష్ ఎలాగుంది?" అన్నాను.

"నువ్వే ఇను" అని ఫోన్ మోటారు దగ్గర పెట్టినట్టున్నాడు. సముద్రం హోరే ఎక్కువ వినిపించింది. దాని కింద మోటారు. షాఫ్ట్ కొట్టుకుంటున్న చప్పుడైతే లేదు.