వెతికితే దొరకాలి

ఈ ఆదివారమంతా మా ఊరి గ్రంథాలయం పాత వార్షిక నివేదికలతోనే గడిచింది. 1950ల నుంచి అచ్చయిన ఆ నివేదికలను స్కాన్ చేసి పీడీఎఫ్‌లుగా దాచే పని ఎప్పుడో పూర్తయింది గానీ, అవి ఇంతవరకూ వట్టి బొమ్మలే. మన కంటికి అక్షరాలు కనిపిస్తాయి. కంప్యూటరుకు మాత్రం నలుపూ తెలుపూ చుక్కలు తప్ప మరేమీ లేదు. ఒక పేరో, ఒక తీర్మానమో కావాలంటే మొదటి పుట నుంచి చివరి పుట దాకా తిప్పుకుంటూ పోవలసిందే. ఆ బొమ్మలకు వెతకడానికి వీలైన పాఠాన్ని చేర్చడమే ఇవాళ పెట్టుకున్న పని.

ఇందుకు నేను వాడేది ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. పుట వంకరగా ఉంటే సరిచేసి, బొమ్మలోని అక్షరాలను గుర్తించే పనిని, అంటే ఓసీఆర్‌ను, టెసరాక్ట్ అనే మరో సాఫ్ట్‌వేరుకు అప్పగించి, వచ్చిన పాఠాన్ని కంటికి కనిపించని పొరగా పీడీఎఫ్‌లో చేరుస్తుంది. చదివేవారికి పాత అచ్చుపుట ఉన్నదున్నట్లే ఉంటుంది, వెతికేవారికి మాత్రం ఆ పొర అందుతుంది. టెసరాక్ట్ 1980లలో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థలో మొదలై, 2005లో అందరికీ ఉచితంగా విడుదలై, 2018లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి ఎన్నో నమూనాలు చూసి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతిని అందుకుంది. ఈ పద్ధతిలో ఒక్కొక్క అక్షరాన్ని విడదీసి ఆకారాన్ని పోల్చుకునే బదులు వరుస మొత్తాన్ని ఒక పట్టీగా చదువుతుంది. గుడి పైన, వత్తు కింద, కొమ్ము పక్కన ఉండే మన లిపికి ఈ మార్పు మేలే చేసిందని నా అభిప్రాయం.

అయినా సీసపు అక్షరాలు కూర్చి వేసిన పాత అచ్చు దగ్గర అది తడబడక తప్పదు. కాగితం ఆదా కోసం వరుసలను దగ్గర దగ్గరగా కూర్చడం వల్ల పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులకు తగులుతుంటాయి. ‘ప’లో తలకట్టు విడిగా ఉంటుంది, ‘వ’లో అంటుకుని ఉంటుంది, ఆ వెంట్రుకవాసి ఖాళీలో సిరా నిండిపోతే మనిషి సందర్భాన్ని బట్టి పోల్చుకుంటాడు గానీ యంత్రానికి అన్నివేళలా అది సాధ్యం కాదు. ‘పు’, ‘వు’, ‘మ’ మూడూ ఒకదానికొకటి మారిపోతుంటాయి. ఒక నివేదికలో ‘పుస్తకములు’ వరుసగా ‘మస్తకములు’ అయి కూర్చున్నాయి. గ్రంథాలయానికి అది మరీ పరాయి మాటేమీ కాదు కనుక నవ్వుకుని వదిలేశాను. భాషగా తెలుగుతోపాటు ఇంగ్లీషును కూడా ఎంచుకున్నందువల్ల పాత అచ్చులోని అరసున్న కొన్నిచోట్ల ఇంగ్లీషు ‘సీ’ అక్షరంగా వచ్చింది. ఇంగ్లీషును తీసేద్దామంటే జమాఖర్చుల పుటల్లో సగం ఆ భాషలోనే ఉన్నాయి.

మధ్యాహ్నం రిటైరైన మాస్టారొకరు వచ్చి, “అమ్మా, మా నాన్నగారు భవన నిధికి ఏదో ఇచ్చారని ఇంట్లో చెప్పుకునేవారు, ఏ సంవత్సరమో చూసి చెప్పగలవా?” అని అడిగారు. ఇలాంటి ప్రశ్న కోసమే ఈ శ్రమంతా కదా అనుకుని పూర్తి పేరు కొట్టి చూస్తే ఏమీ దొరకలేదు. పీడీఎఫ్‌తోపాటు పాఠాన్ని విడి టెక్స్టు ఫైలుగా కూడా రాయించుకుంటాను కాబట్టి, ఈసారి అందులో ‘ప’ ఉన్నచోట ‘ప గానీ వ గానీ’ అనీ, వత్తు ఉన్నచోట ఏదో ఒక అక్షరం అనీ ఇచ్చి వెతికాను. వెంటనే 1963 నివేదికలో దాతల జాబితా తెరుచుకుంది. పొరలో ‘అవ్వయ్య’ అని ఉంది, బొమ్మలో మాత్రం ‘అప్పయ్య’ అని స్పష్టంగానే ఉంది, పక్కన ఇరవై అయిదు రూపాయలు. మాస్టారు కళ్ళద్దాలు సవరించుకుని ఆ వరుసను రెండుసార్లు చదివి, ఒక ప్రింటు తీసి ఇమ్మన్నారు.

ఈ పనిలో ప్రతి అక్షరాన్నీ దిద్దాలని పట్టుబట్టడం అనవసరమని నాకు రోజురోజుకూ గట్టిపడుతోంది. స్వచ్ఛంద సేవకులు నడిపే ఆన్‌లైన్ గ్రంథాలయం వికీసోర్స్‌లో ఒక పుస్తకాన్ని ఎక్కించేటప్పుడు పుట పుటనూ మూలంతో పోల్చి దిద్దుతారు, ఆపైన ఇంకొకరు సరిచూస్తారు. అక్కడ పాఠమే చదువుకునే వస్తువు కాబట్టి అది న్యాయం. ఇక్కడ చదవడానికి బొమ్మ ఉండనే ఉంది, పొర కేవలం దారి చూపడానికి. కాబట్టి మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, శీర్షికలు మాత్రం దిద్ది, తక్కినదాన్ని వదిలేస్తాను. అందుకు ప్రతిగా ఒక్క షరతు: స్కాన్ బొమ్మను ఎన్నడూ పారేయకూడదు, చోటు మిగులుతుందని 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) కన్నా తక్కువకు కుదించనూ కూడదు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తిన్నవి పాతవి కావు, 2000 తర్వాతి నివేదికలు. అవి డీటీపీలో, అంటే కంప్యూటరులోనే పుటలు కూర్చే పద్ధతిలో తయారై నేరుగా పీడీఎఫ్ అయినవి, అక్షరాలు అద్దంలా ఉంటాయి, వెతికితే మాత్రం ఒక్క తెలుగు మాటా దొరకదు. అప్పటి ఫాంట్లు తెలుగు ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో పెట్టుకున్నవి. కాపీ చేసి చూస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. పుటలో ఇప్పటికే పాఠం ఉంది కదా అని సాఫ్ట్‌వేరు ముందుకు సాగదు. బలవంతంగా ఓసీఆర్ చేయమని ప్రత్యేకంగా ఆదేశిస్తే, పుటను మొదట బొమ్మగా మార్చి, ఆ తర్వాత కొత్తగా చదువుతుంది. శుభ్రమైన అచ్చు కావడం వల్ల ఫలితం మాత్రం చాలా బాగుంది.

ఇంకొక చిక్కు ‘హైదరాబాద్‌లో’ వంటి మాటలది. ‘ద్’కూ ‘లో’కూ మధ్య వాటిని కలవకుండా ఆపే కనిపించని గుర్తు ఒకటి యూనికోడ్‌లో ఉంది. మనం కొట్టిన మాటలో అది ఉండి, పొరలో లేకపోతే రెండూ వేర్వేరు మాటలైపోతాయి. అందువల్ల టెక్స్టు ఫైళ్ళన్నిటిలోనూ ఆ గుర్తును తీసేయించాను, వెతికే మాటలోనూ తీసేస్తున్నాను.

సమావేశాల మినిట్సు పుస్తకాలు చేతిరాతవి. గొలుసుకట్టు రాత టెసరాక్ట్‌కు లొంగదు, ప్రయత్నించడం కూడా దండగే. వాటికి తేదీ, విషయం, పుట సంఖ్య అనే మూడు గడులతో పట్టిక రాయడం మొదలుపెట్టాను. మొదటి పుస్తకంలో పుటలకు అంకెలే లేవు కాబట్టి వచ్చే వారం ముందుగా పెన్సిలుతో అవి వేయాలి.